పాత చీర, కొత్త పరికిణీ

చల్లపల్లి బజారులో ఒక చిన్న టైలరింగ్ కొట్టు. మధ్యాహ్నం రెండు దాటింది, బేరాలు లేని వేళ. రిటైరైన సైన్సు మాస్టారు గుడ్డసంచి పట్టుకుని వచ్చారు. సంచిలో రెండున్నాయి: కాలం చేసిన భార్య పట్టుచీర, అట్ట ఊడిన ఒక మినిట్స్ పుస్తకం. చీర మనవరాలికి పరికిణీ కుట్టించడానికి. పుస్తకం ఒక చర్చా గోష్ఠిది. ఒకప్పుడు నెలకో ఆదివారం సాయంత్రం జరిగేది, కొన్నేళ్ల కిందట ఆగిపోయింది. దాన్ని మళ్లీ తెరిచి, ఈసారి ఊరి చెత్త, మురుగు, కాలువ నీళ్ల మీదే నడపాలని కొందరు తలపెట్టారు. ఈ కొట్టు నడిపే ఆమె వాళ్లలో ఒకరు. మాస్టారి దగ్గరే పదో తరగతి చదువుకుంది. పుస్తకం కావాలని కబురు చేసింది. ఆయన తెచ్చారు గానీ చేతికివ్వలేదు.

శిష్యురాలు: ఫ్యాను కిందకి రండి మాస్టారూ. ముందు చీర చూపించండి.

మాస్టారు: చీర సంగతి తేలికేనమ్మా. ఈ పుస్తకం సంగతి తేల్చుకుందాం. మీరు పెట్టుకుంటున్నది కొత్త పని. కొత్త పేరు పెట్టుకోండి, కొత్త పుస్తకం కొనుక్కోండి. మా పాత గోష్ఠి పేరు మీకెందుకు?

శిష్యురాలు: కొత్త పేరుతో పిలిస్తే ముందు ‘వీళ్లు ఏ పార్టీ?’ అంటారండీ. మీ గోష్ఠి పేరు చెబితే ‘మాస్టారి దగ్గరా, వస్తాం’ అంటారు. ఆ పేరుకి ఊళ్లో నమ్మకం ఉంది.

మాస్టారు: నా బెంగంతా ఆ నమ్మకం గురించే. అది నలుగురూ కలిసి దాచుకున్న సొమ్ము లాంటిది. దాచినవాళ్లు ఒక పని కోసం దాచారు. మీరు తీసి ఇంకో పనికి వాడతామంటున్నారు. ఆ పని మంచిదే కావచ్చు. దాచినవాళ్లని అడిగారా? అందులో సగం మంది ఇప్పుడు లేరు కూడానూ.

శిష్యురాలు: ఆ పని ఏమిటో మీ నోటే చెప్పండి. నేను పదిహేనేళ్ల పిల్లగా వెనక బెంచీలో కూర్చుని రెండుసార్లు విన్నానంతే.

మాస్టారు: పని అంటూ ఒకటి పెట్టుకోకపోవడమే దాని పని. 1995 సెప్టెంబరు 21 గుర్తుందా? దేశమంతా వినాయకుడి విగ్రహాలు పాలు తాగుతున్నాయన్నారు. ఇక్కడా గుళ్ల ముందు చెంచాలు పట్టుకుని బారులు తీరారు. ఆ వారమే గోష్ఠి పెట్టాం. నేను ఒక ఇత్తడి చెంబు, ఒక రాయి, ఒక చెంచా తీసుకెళ్లాను. చెంచా అంచు ఆనగానే పాలు తలతన్యత వల్ల అంటుకుని, పల్చటి పొరలా రాతి మీదుగా కిందకి జారిపోతాయి. చెంబు కూడా తాగింది, రాయి కూడా తాగింది. ఒక పెద్దాయన లేచి, ‘నీ చెంబు తాగితే నా దేవుడు తాగలేదని ఎలా అవుతుంది?’ అన్నాడు. రాత్రి పది దాకా వాదన. ఆయన నమ్మకం మారలేదు. మరుసటి నెల మళ్లీ వచ్చాడు, ఈసారి గ్రహణాల గురించి అడిగాడు. గోష్ఠి అంటే నాకు అదీ. ఏం అడగాలో ముందు ఎవరూ గీత గీయని చోటు. మీరేమో చెత్త, కాలువ అని ముందే గీత గీస్తున్నారు. రేపు ఒక రైతు వచ్చి కౌలు గురించి మాట్లాడతానంటే, ఇది దానికి కాదని పంపేస్తారా?

శిష్యురాలు: పంపనండీ. కానీ అందరూ అన్నీ మాట్లాడిన చోట చివరికి ఎంతమంది మిగిలారో ఆ పుస్తకాన్నే అడుగుదాం. ఒక్కసారి ఇవ్వండి, లాక్కోను.

(ఆయన ఇచ్చారు. ఆమె వెనకనుంచి తిప్పింది.)

చివరి పేజీలో నాలుగు సంతకాలు. దానికి ముందు ఆరు. మొదట్లో పేజీ నిండా ఉన్నాయి. ఇంకో సంగతి చూడండి. ఇంత లావు పుస్తకంలో ఆడవాళ్ల సంతకాలు ఎన్ని? నేను చూస్తుండగానే నాలుగు పేజీలు తిరిగాయి, ఒక్కటీ లేదు.

మాస్టారు: మేం ఎవరినీ రావద్దనలేదమ్మా.

శిష్యురాలు: అనలేదు. సాయంత్రం ఆరున్నరకి పెట్టారు. ఆరున్నరకి మా అమ్మ పొయ్యి దగ్గర ఉండేది. మీ ఇంట్లో అమ్మగారూ అక్కడే ఉండుంటారు. గీత గీయని చోటు అన్నారే, ఆ గీత గడియారం గీసింది మాస్టారూ. ఎవరు అడగొచ్చో ఎవరు అడగకూడదో మీరెవరూ అనుకోకుండానే తేలిపోయింది.

మాస్టారు: (కాసేపాగి) ఈ మాట ఇంతవరకూ నాతో ఎవరూ అనలేదు. ఆవిడ కూడా అనలేదు. సరే, ఒప్పుకున్నాను. అయితే అది వేళ తప్పు. వేళ మార్చు. విషయం ఎందుకు మార్చడం?

శిష్యురాలు: వేళా విషయమూ విడివిడిగా ఉండవండీ. మన ఊళ్లోనే చూడండి. జన విజ్ఞాన వేదిక 1988లో పుట్టినప్పుడు సైన్సుని జనం దగ్గరికి తీసుకెళ్లడం, మూఢనమ్మకాలు పోగొట్టడం, చదువు చెప్పడం దాని పనులు. మీరూ అందులో తిరిగినవాళ్లే. ఆ వేదిక వాళ్లే మన చల్లపల్లిలో 2014 నవంబరు 12న చీపుళ్లు పట్టుకుని రోడ్డెక్కారు. డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్ గారు, డాక్టర్ పద్మావతి గారు ముందు నడిచారు. స్వచ్ఛ చల్లపల్లి అన్నారు. తెల్లవారుజామున నాలుగున్నరకి పని. ఆ వేళకి పొయ్యి వెలగదు, కొట్టు తెరవరు, ఆఫీసు ఉండదు. అందుకే గృహిణులొచ్చారు, రైతులొచ్చారు, డాక్టర్లొచ్చారు, రిటైరైనవాళ్లొచ్చారు. ఒకప్పుడు గంగులవారిపాలెం రోడ్డు మీద ముక్కు మూసుకోకుండా నడవగలిగేవాళ్లమా? ఇవాళ పూలమొక్కలు చూసుకుంటూ నడుస్తున్నాం. ఊడవడంతో మొదలై చెట్లు నాటడం దాకా, శ్మశానం బాగుచేయడం దాకా వెళ్లింది. పదేళ్లు దాటింది. అదే వేదిక, పని మార్చుకుంది.

మాస్టారు: ఆ పనికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. మొదటి ఏడాది నేనూ వెళ్లాను. నా మోకాళ్లు మొరాయించాకే మానేశాను. కానీ నాకొక ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకి 29 అంశాలు చూపించింది. పారిశుద్ధ్యం అందులో ఉంది. అంటే ఊరు ఊడవడం పంచాయతీ విధి. దానికి మనం పన్ను కడుతున్నాం. ఆ విధిని మనం నెత్తికెత్తుకుంటే, చేయాల్సినవాళ్లని అడిగేదెవరు? వేదిక మీద నిలబడి అడిగే నోళ్లన్నీ కిందకి వంగి ఊడుస్తుంటే అధికారికి అంతకంటే హాయి ఏముంటుంది?

శిష్యురాలు: నేనూ అలాగే అనుకున్నాను, వెళ్లనంతవరకూ. మొదటిరోజు మొహానికి కొంగు చుట్టుకుని వెళ్లాను, ఎవరైనా గుర్తుపడతారేమోనని. చీపురు ఎత్తి మూడు బజార్లు ఊడ్చాక నాకు ఒక చదువు వచ్చింది. ఏ సందులో కొబ్బరిబోండాలు పడతాయి, ఏ మూల టీ కప్పులు, ఎక్కడ గుట్కా పాకెట్లు, ఏ ఇంటి ముందు తడిచెత్త. కుప్ప చూస్తే ఆ వీధి ఎలా బతుకుతోందో తెలుస్తుంది. నేను గ్రామసభలో లేచి మాట్లాడింది ఆ తర్వాతే. అంతకుముందు నాకు మాట్లాడటానికి సరుకు లేదు. అడిగే హక్కు కాగితం మీద మీకూ నాకూ ఒకటే. అడిగినప్పుడు వినిపించేది మాత్రం చేతికి మట్టి అంటినవాళ్ల గొంతు.

మాస్టారు: అది నిజం. కానీ రోజూ చేసే పని కొన్నాళ్లకి అలవాటవుతుంది. అలవాటైన పని ‘ఎందుకు’ అని అడగడం మానేస్తుంది. నిన్న ఎత్తిన చోటే ఇవాళ మళ్లీ కవర్లు ఎత్తావనుకో. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్కు వస్తువులు కొన్నిటిని దేశమంతా నిషేధించారు. మరి ఈ పలచటి కవర్లు ఎక్కడినుంచి వస్తున్నాయని చీపురు అడగదు. తడి పొడి వేరుచేసి ఇవ్వాలని 2016 నియమాలే చెప్పాయి. వేరుచేసిన చెత్త చివరికి ఎక్కడికి పోతోంది? అడగాలంటే కూర్చోవాలి. కేరళలో శాస్త్ర సాహిత్య పరిషత్తు సంగతి మీకు పాఠం చెబుతున్నప్పుడు చెప్పాను. 1962లో మలయాళంలో సైన్సు రాసేవాళ్ల సంఘంగా పుట్టింది. డెబ్బైల చివర్లో సైలెంట్ వ్యాలీ అడవిని ముంచే కరెంటు ప్రాజెక్టు మీద పోరాడింది. ఎలా పోరాడింది? ముందు కూర్చుని లెక్కలు కట్టింది. ఎంత కరెంటు వస్తుంది, ఎంత అడవి పోతుంది, ఆ కరెంటు ఇంకెలా తెచ్చుకోవచ్చు అని నివేదిక రాసింది. ఆ అడవి ఇవాళ నేషనల్ పార్కు. వాళ్లు పని మార్చుకున్నారు, పద్ధతి మార్చుకోలేదు. పాతది రాయడం, తర్కించడం. కొత్తదానికీ అదే ఆయుధం.

శిష్యురాలు: నాకు పనికొచ్చే మాట మీరే అన్నారు. రాసేవాళ్ల సంఘానికి అడవి జోలి ఎందుకు అని కూర్చోలేదుగా వాళ్లు? ఇంకో కథ నేను చెబుతాను, అదీ మీరు నేర్పిందే. నెల్లూరు జిల్లా దూబగుంట. 1991లో అక్షరాస్యత ఉద్యమం. రాత్రిపూట లాంతరు దగ్గర ఆడవాళ్లు అక్షరాలు దిద్దుకోవడానికి పెట్టిన బడి. వాచకంలో సారా వల్ల ఇల్లు గుల్లయిన సీతమ్మ కథ వచ్చింది. చదివినవాళ్లు పలక పక్కన పెట్టి ‘ఇది మన కథే కదా’ అన్నారు. ఆ తర్వాత సారా కొట్టు దగ్గరికి నడిచారు. రోసమ్మ గారి పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. అక్షరాలు నేర్పే బడి సారా జోలికి పోకూడదని ఎవరైనా గీత గీసుంటే ఏమయ్యేది?

మాస్టారు: ఆ కథకి రెండో సగం ఉందమ్మా. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఖజానా కారణం, నాకూ తెలుసు. కానీ ఆ రోజున ఊరూరా ఆ రాత్రి బడులు ఎన్ని మిగిలాయి? అక్షరం కోసం కూడిన ఆడవాళ్లు ఆ రోజుకీ వారం వారం కూడుతూ ఉండి ఉంటే, అంత తేలిగ్గా అయ్యేదా? నేను ఆ బడుల్లో పాఠం చెప్పినవాణ్ణి. పోరాటం గెలవగానే, అక్షరం ఎప్పుడైనా నేర్చుకోవచ్చులే అనుకున్నాం. సంతకం దాకా వచ్చి ఆగిపోయినవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు నాకు, బస్సు బోర్డు ఎవరితోనో చదివించుకుంటూ. పోరాటాన్ని కన్నది ఆ బడి. పురిట్లోనే తల్లిని వదిలేశాం. అందుకే భయపడుతున్నాను. కొత్త పని బాగా నడిచేకొద్దీ పాతది మరుపున పడిపోతుంది.

శిష్యురాలు: ఈ సగం మీరు క్లాసులో చెప్పలేదు.

మాస్టారు: మీకప్పుడు పదిహేనేళ్లు. గెలిచిన సగం చాలనుకున్నాను.

శిష్యురాలు: టీ తెప్పిస్తానండీ. (కొంతసేపటికి) మాస్టారూ, మన దివిసీమలో తుఫాను షెల్టర్లు చూశారుగా. 1977 నవంబరు 19 ఉప్పెనలో వేలమంది కొట్టుకుపోయాక కట్టినవి. ఉప్పెన రోజూ రాదు. రాని రోజుల్లో దాన్ని తాళం వేసి ఉంచితే? గబ్బిలాలు చేరతాయి, తలుపు తుప్పుపడుతుంది, మెట్లు విరుగుతాయి. తీరా తుఫాను రోజున తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదు. అందులో బడి నడిచిందనుకోండి, రోజూ తలుపు తెరుస్తారు, పగిలితే అడుగుతారు, పిల్లలకి దారి తెలుస్తుంది. పిల్లలకి తెలిస్తే తల్లులకి తెలుస్తుంది. మీ గోష్ఠి ఇప్పుడు తాళం వేసిన షెల్టరు. గదిలో ఎవరేమైనా అడగొచ్చు, నిజమే. గదిలో ఎవరూ లేరు. మేం అందులో ఒక బడి పెడతామంటున్నాం.

మాస్టారు: ఈ పోలిక బాగుంది. అయితే నువ్వే చెప్పు. బడి పెట్టాక, బెంచీలు బీరువాలు నింపి, తుఫాను రోజున మనుషులు నిలబడటానికి జాగా లేకుండా చేస్తే?

శిష్యురాలు: అలా చేయకూడదు.

మాస్టారు: చేయకూడదని ఎవరు చూస్తారు? ఎక్కడ రాసి ఉంటుంది? నేనడుగుతున్నది అదొక్కటే. బందరులో కృష్ణాపత్రిక ఆఫీసులో ముట్నూరి కృష్ణారావు గారి చుట్టూ సాయంత్రాలు దర్బారు నడిచేదని పెద్దవాళ్లు చెప్పేవారు. పాటగాళ్లు, చిత్రకారులు, రాజకీయాల వాళ్లు. అజెండా లేదు, తీర్మానం లేదు. పనికిరాని కబుర్లని ఎవరైనా అనుకుని ఉండొచ్చు. ఆ కబుర్లలో పదును తేలిన ఆలోచన పత్రికలోకి వచ్చేది, అక్కడినుంచి ఆంధ్రదేశమంతా పాకేది. అన్నిటినీ పనితోనే కొలిస్తే ఇలాంటివి బతకవు.

శిష్యురాలు: బందరు దర్బారు కృష్ణారావు గారి చుట్టూ నడిచింది. ఆయన 1945లో పోయారు. ఆ తర్వాత ఆ దర్బారు ఏది? ఒక మనిషి చుట్టూ నడిచేది ఆ మనిషితో పోతుంది. తప్పుగా అనుకోకండి, మీ గోష్ఠీ అంతే. మీ మోకాళ్లు మొరాయించాయి, గోష్ఠి ఆగింది. పని చుట్టూ నడిచేది, ఒకళ్లు రాకపోయినా ఇంకొకళ్లు చీపురందుకుంటే నడుస్తుంది. గ్రంథాలయోద్యమం చూడండి. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో గ్రంథాలయాల వాళ్లంతా మహాసభ పెట్టుకున్నారు. అయ్యంకి వెంకటరమణయ్య గారు దాని వెనక ప్రాణం. కానీ అది ఆయన చుట్టూ ఆగలేదు. ఇరవై ఏళ్ల తర్వాత కృష్ణకి అవతలి గట్టున పాతూరి నాగభూషణం గారు పుస్తకాల పెట్టెలు పడవకెక్కించి కాలువ మీద తిప్పారు, 1935లో. కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య. కాలువ పంటకి తవ్వింది, పడవ మనుషులకీ ధాన్యానికీ కట్టింది. పుస్తకం దానిమీద ఎక్కింది. ఎక్కినందుకు పడవ పాడైందా?

మాస్టారు: పాడవలేదు. ధాన్యం దింపేసి పుస్తకాలు ఎక్కించలేదు కనుక. రెండూ పట్టాయి కనుక.

శిష్యురాలు: (నవ్వి) మీతో వాదనకి దిగితే ఇదే మాస్టారూ, నా పడవ మీరెక్కేస్తారు.

మాస్టారు: ఇంతకీ మీరు పెట్టబోయే పడవలో ఏముందో సూటిగా చెప్పు. చెత్త, కాలువ అంటే నాకర్థం కాలేదు. మొదటి సమావేశంలో ఏం మాట్లాడతారు?

శిష్యురాలు: ఒక్క ప్రశ్న. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు గట్టుమీదనుంచి చూశారా? అడుగున నీళ్లుండవు. కవర్లు, సీసాలు, విరిగిన కుర్చీలు, దిండ్లు. మళ్లీ కాలువ వదిలినప్పుడు మన కంటికి శుభ్రంగా ఉంటుంది. అంటే ఏమైంది? అంతా కిందకి పోయింది. మనకి కింద ఎవరున్నారు? అవనిగడ్డ వైపు, నాగాయలంక వైపు, కోడూరు వైపు శివారు ఊళ్లు. అక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్లు. కాలువ నీళ్లే మంచినీళ్ల చెరువులో పెట్టుకుని కాచుకుని తాగాలి. మన వీధిలో ఊడ్చి మనం శుభ్రంగా ఉన్నాం. మన మురుగు ఎవరి చెరువులో తేలుతోంది? నాలుగున్నరకి లేచి పదేళ్లు ఊడ్చినా ఆ ప్రశ్నకి జవాబు రోడ్డుమీద దొరకదు. కూర్చోవాలి, మ్యాపు వేయాలి, ఏ తూము ఎక్కడ కలుస్తోందో నడిచి చూడాలి, శివారు వాళ్లని పిలిచి వినాలి. అందుకే గోష్ఠి కావాలంటున్నాను. చీపురు చాలదని నాకూ తెలిసే మీ పుస్తకం అడుగుతున్నాను.

(మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు.)

మాస్టారు: ఈ మాట ముందే చెప్పి ఉంటే సగం వాదన తగ్గేది కదమ్మా. చెత్త అంటే నేను ఊడవడం అనుకున్నాను. నువ్వు అడుగుతున్నది మా పాత పనే. మేం దేవుడి పాలు ఎక్కడికి పోయాయని అడిగాం. మీరు ఊరి మురుగు ఎక్కడికి పోతోందని అడుగుతున్నారు.

శిష్యురాలు: అయితే పుస్తకం ఇచ్చినట్టేనా?

మాస్టారు: ఆగు. దాచినవాళ్లని అడగాలన్నాను. పోయినవాళ్లని అడగలేం. ఉన్నవాళ్లు ఊళ్లో ఏడెనిమిది మంది ఉంటారు. వాళ్ల ఇళ్లకి నేనొస్తాను, నువ్వూ రా. ‘ఇలా చేయబోతున్నాం, మీ మాటేమిటి’ అని అడుగుదాం. కాదన్నవాళ్ల మాట కూడా ఈ పుస్తకంలో మొదటి పేజీలో రాయాలి, కారణంతో సహా. పార్టీ జెండా, నాయకుడి ఫోటో గదిలోకి రాకూడదు.

శిష్యురాలు: వస్తాను. రాస్తాం. జెండా సంగతి మేం ముందే అనుకున్నాం.

మాస్టారు: వేళ నువ్వు చెప్పినట్టే. ఆరున్నర వద్దు.

శిష్యురాలు: మధ్యాహ్నం మూడు. వంటలయ్యి, పిల్లలు బడినుంచి రాకముందు. ఉద్యోగాల వాళ్ల కోసం నెలలో ఒకటి ఆదివారం.

మాస్టారు: ఇక చివరిది, అన్నిటికంటే నాకు ముఖ్యమైంది. ఎవరైనా వచ్చి చెత్తకీ కాలువకీ సంబంధం లేని ప్రశ్న అడిగితే?

ఆమె జవాబు చెప్పలేదు. లేచి, సంచిలోంచి చీర తీసి బల్ల మీద పరిచింది. వంగపండు రంగు పట్టు. కొంగు దగ్గర నలిగి, మడతల దగ్గర పోగులు తేలాయి. అంచు మాత్రం కొత్తదానిలా ఉంది.

శిష్యురాలు: చీర చించడానికి మీ మనసెలా ఒప్పిందండీ?

మాస్టారు: ఆవిడే చెప్పి పోయింది. పెట్టెలో ఉంచితే మడతల దగ్గర చిరుగుతుంది, పిల్లకి కుట్టించండి అని. లేకపోతే నేను తెచ్చేవాణ్ణి కాదు.

శిష్యురాలు: చూడండి, నలిగిన చోట తీసేస్తాను. అంచు జోలికి పోను, అదే కింద వస్తుంది. మీ మనవరాలికి ఎన్నేళ్లు?

మాస్టారు: ఎనిమిది. పొడుగు తొందరగా పెరుగుతోంది.

శిష్యురాలు: అయితే మూడు టక్కులు వేస్తాను. ఇప్పుడు చూస్తే కుట్టులా కనిపిస్తుంది, లోపల గుడ్డ ఉంటుంది. పిల్ల ఎదిగినప్పుడల్లా ఒక్కోటి విప్పుకోవచ్చు. మీరు అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇదే మాస్టారూ. ప్రతి సమావేశంలో చివరి అరగంటకి విషయం రాసిపెట్టం. ఎవరు వచ్చి ఏమడిగినా వింటాం. కౌలు గురించి, గ్రహణం గురించి, దేవుడి గురించి. అందులో ఏదైనా ఊరికి పెద్దదనిపిస్తే ఆ టక్కు విప్పుతాం. కాలువ పని ఎప్పటికీ ఉండాలని నేననను. ఏడాది తిరిగాక ఇదే ఇంకా మన పనా అని మళ్లీ అడుగుదాం. అప్పుడు వాదించడానికి మీరు రావాలి.

మాస్టారు: మోకాళ్లతో మెట్లెక్కలేను.

శిష్యురాలు: ఈ కొట్టుకి మెట్లు లేవు. మధ్యాహ్నం మూడుకి బేరాలూ ఉండవు.

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని, మినిట్స్ పుస్తకంలో నాలుగు సంతకాలున్న చివరి పేజీ తీశారు. కింద అడ్డంగా ఒక గీత గీశారు. గీత కింద తేదీ వేసి రాశారు: ‘మన మురుగు ఎవరి చెరువులో కలుస్తోంది?’ దాని కింద రెండు వరుసలు ఖాళీగా వదిలి, పేజీ పక్కన చిన్న అక్షరాలతో ‘ఇవి అడిగినవాళ్లవి’ అని రాసుకున్నారు. పుస్తకం ఆమె వైపు తిప్పి పెన్ను అందించారు.

ఆమె టేపు మెడలో వేసుకుని, ముందు సంతకం చేసింది. తర్వాత మనవరాలి కొలతలు అడిగింది.